చంటోడి తొడుగు

ఆ ఆదివారం పొద్దున టైలరు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. కుక్కకి కొత్త తొడుగు తొడిగి పెరట్లోకి వదలాలి, తాను కూర్చుని ప్రశాంతంగా కాఫీ తాగాలి. అంతే.

కుక్క పేరు చంటోడు, వయసు తొమ్మిదేళ్లు. ఆ పేరు పెట్టిన టైలరు భార్య పోయి ఆరు నెలలైంది. ఆమె వదిలి వెళ్లినవి ఈ కుక్క, పెరటి నిండా పూలమొక్కలు. ఆ రెంటికీ పొసగదు. పూలకి తేనెటీగలు వస్తాయి, ఈగ కనిపిస్తే చంటోడు ముక్కు పెట్టకుండా ఉండలేడు. పోయిన నెల ఒక్క ఈగ కుడితే మూతి గుమ్మడికాయంత వాచి, ఊపిరాడక, ఇంజక్షను పుణ్యమా అని బతికాడు. "మళ్లీ కుట్టిందంటే నా దగ్గరికి తెచ్చేదాకా కూడా ప్రాణం ఆగదు" అని పశువుల డాక్టరు ముందే చెప్పేశాడు.

"మొక్కలన్నీ కొట్టించేయ్ బావా" అన్నాడు బావమరిది. పక్క వీధిలోనే ఉంటాడు, సలహా చెప్పాలంటే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తాడు.

"మీ అక్క వేసిన మొక్కలురా."

"పోనీ కుక్కని ఎవరికైనా ఇచ్చేయ్."

"అదీ మీ అక్కదేరా."

లోపల కట్టేస్తే చంటోడు పెరటి తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తాడు. ఆ ఏడుపు టైలరు వినలేడు. తాను బయటికి ఏడవలేనిది కూడా వాడే ఏడుస్తున్నట్టుంటుంది.

అందుకని మూడు సాయంత్రాలు కూర్చుని దోమతెర గుడ్డతో తొడుగు కుట్టాడు. తలకి ముసుగు, నాలుగు కాళ్లకి చేతులు, తోకకి విడిగా ఒక గొట్టం. ముప్పై ఏళ్లలో తన కుట్టు ఒక్కటీ ఊడలేదని అతని గర్వం. దారాన్ని తేనె మైనం ముద్ద మీద రుద్ది కుట్టడం అతని అలవాటు. ఈసారి రెట్టింపు మైనం పట్టించాడు. ప్రాణంతో పని కదా మరి.

ఆదివారం పొద్దున దాన్ని చంటోడికి తొడిగి, ఊడకుండా పొట్ట కింద కుట్టేసి పెరట్లోకి వదిలాడు. కాఫీ సగం తాగి తలెత్తేసరికి చంటోడి వీపు మీద, పొట్ట కింద, కుట్టు ఎటు పోతే అటు తేనెటీగలు బారులు తీరి ఉన్నాయి. మైనం వాసనకి పెరడంతా వదిలేసి వచ్చి వాలాయి. టైలరుకి పైప్రాణాలు పైనే పోయాయి. ఉరికి వెళ్లి తొడుగు పట్టుకుని లాగాడు. ఊడలేదు. కాలితో తొక్కిపట్టి లాగాడు. అయినా ఊడలేదు. తన పనితనాన్ని తానే బండబూతులు తిట్టుకుంటూ, లోపలికెళ్లి గుడ్డలు కత్తిరించే అడుగు పొడవు కత్తెర తెచ్చాడు.

పక్కింటి రిటైరైన టీచరమ్మ సరిగ్గా అప్పుడే గోడ మీదుగా తొంగిచూసింది. తెల్లగుడ్డ చుట్టిన కుక్క, దాని మీద మోకాలు పెట్టి కత్తెర ఎత్తి ఏడుస్తున్న మనిషి.

"అయ్యయ్యో, కుక్కని చంపేస్తున్నాడు! ఆవిడ పోయాక ఇతనికి మతి చలించిందని నేను అనుకుంటూనే ఉన్నాను!" అంటూ బావమరిదికి ఫోన్ చేసింది.

బావమరిది రెండు నిమిషాల్లో వచ్చి టైలరుని వెనకనుంచి వాటేసుకున్నాడు.

"వద్దు బావా! ఎంతైనా అక్క పెంచిన ప్రాణం!"

"దాన్ని బతికిస్తున్నానురా వెధవా! వదులు!"

"కత్తెరతోనా?"

అప్పటిదాకా తమ మైనమేదో తాము గీరుకుంటున్న ఈగలు ఈ పెనుగులాటకి రేగిపోయాయి. సాయం చేద్దామని టీచరమ్మ గోడ మీదుగా బకెట్టు నీళ్లు గుమ్మరించింది. దాంతో ఇంకా రేగాయి. ఎలాగో ముసుగు తెగింది, చంటోడు ఇంట్లోకి దూకాడు. బావా బావమరుదులు పూలపాదుల్లో పడి దొర్లారు. ఆమె మొక్కల్లో సగం అక్కడే నలిగిపోయాయి.

పశువుల డాక్టరు వచ్చి చంటోణ్ణి నఖశిఖపర్యంతం తడిమి చూశాడు. "ఒక్క ముల్లు కూడా దిగలేదు. తొడుగు బ్రహ్మాండంగా పనిచేసింది. మీరు వెళ్లకుండా ఉంటే అవే కాసేపటికి పోయేవి" అన్నాడు.

టైలరుకి ఆ మాట చాలు. కళ్లు పూడుకుపోయి, పెదాలు వాచి, ఒళ్లంతా బురదతో, ఆరు నెలల తర్వాత మొదటిసారి మనసారా నవ్వి, "చంటోడా!" అని చేతులు చాపాడు. మాట కూడా సరిగ్గా పలకలేదు. తన యజమానురాలి ఇంట్లో ఎవడో పరాయివాడు చొరబడ్డాడనుకున్న చంటోడు, ఇన్నేళ్లు తిన్న తిండికి న్యాయం చేస్తూ, అతని పిక్క పట్టేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు పదిహేడు ముళ్లు తీసి, పిక్కకి కట్టు కట్టి, కుక్కకాటు సూదిమందు మొదలుపెట్టాడు. "ఆ కుక్క మీద పది రోజులు కన్నేసి ఉంచండి. అది బతికున్నంత వరకూ మీకేం భయం లేదు" అన్నాడు.

టైలరు ఆరు నెలలుగా నమ్ముతున్నదీ అదే.