నాలుగు అరలు, నాలుగు రకాలు

ఆ ఆదివారం పొద్దున ఆమె వేసుకున్న పథకంలో ఎక్కడా లోటు లేదు. ఏడింటికి స్కోరు కాగితాలు జిరాక్సు తీయించాలి. ఎనిమిదిన్నరకి పెట్టెలు సంచుల్లో పెట్టుకోవాలి. తొమ్మిదింటికి హాలు తాళం తీయించి, ఎనిమిది బల్లలు వేయించి, పదింటికి "ఇక మొదలుపెట్టండి" అనాలి. సాయంత్రం అయిదింటికి సీనియర్ డైరెక్టరు అయిపోవాలి.

బ్రిడ్జి అనే పేకాట పోటీల్లో డైరెక్టరంటే తగువులు తీర్చే మనిషి. ఎవరైనా వంతు తప్పి ముక్క వేసినా, వెయ్యాల్సిన రంగు చేతిలో ఉండి వెయ్యకపోయినా ఆటగాళ్ళు చెయ్యెత్తి "డైరెక్టర్!" అని కేకేస్తారు. ఆమె వెళ్ళి రూలు చెప్పి వస్తుంది. పదకొండేళ్ళుగా అదే పని. క్లబ్బులో అందరూ ఆమెని రూలమ్మ అంటారు, ఆమె పక్కన లేనప్పుడు.

సీనియర్ పరీక్ష ఇప్పటికి రెండుసార్లు పోయింది. మొదటిసారి ఆలస్యంగా వచ్చిన క్లబ్బు సెక్రటరీకి జరిమానా వెయ్యడానికి మొహమాటపడింది. రెండోసారి ఎవరో ఫ్యాను అయిదులో పెట్టారు, మూడు బల్లల మీది ముక్కలు ఎగిరి కలిసిపోయాయి. ఇది మూడోసారి. ఇదీ పోతే మళ్ళీ మూడేళ్ళదాకా పరీక్షకి రానివ్వరు. బ్రిడ్జి సంఘం నుంచి ఒక పెద్దావిడ వచ్చి రోజంతా ఓ మూల కూర్చుని నోటు పుస్తకంలో రాసుకుంటుంది. అంతే పరీక్ష.

హాలులో రూళ్ళు ఆమెవి గాని, ఇంట్లో రూళ్ళన్నీ మామగారివే. ఆయన ముప్పై నాలుగేళ్ళు నట్లూ బోల్టుల గోడౌనులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. గోడౌను ఆయన్ని వదిలింది గాని ఆయన గోడౌనుని వదల్లేదు. ఇంట్లో సామానంతా అకారాది క్రమంలో ఉంటుంది.

"మావయ్యా, కత్తెర కాఫీపొడి పక్కన ఎందుకుంది?"

"మరి 'క' అలమర అదే కదమ్మా!"

ఆమె భర్త నెలకి ఇరవై రోజులు ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతాడు. అదృష్టవంతుడు.

జిరాక్సుకి బయల్దేరే ముందు ఆమె భోజనాల బల్ల మీద ఉన్న ఇరవై నాలుగు ప్లాస్టిక్ పెట్టెలనీ చూపించి, "మావయ్యా, ఈ పెట్టెలు ఎవ్వరూ కదపకూడదు. ఇవాళ నా పరీక్ష వీటి మీదే ఉంది," అంది.

"వీటిలో ఏముంటాయమ్మా?"

"పేక ముక్కలు. ఒక్కో పెట్టెకీ నాలుగు అరలు, అరకి పదమూడు ముక్కలు. నిన్నంతా కూర్చుని కంప్యూటరు ఇచ్చిన పట్టీ చూసి పంచాను."

"ఊఁ," అన్నారాయన పెట్టెల వైపు చూస్తూ. ఆ 'ఊఁ'లో ప్రమాదం ఉందని ఆమెకి తెలియాల్సింది. కాని మనసు జిరాక్సు మీద ఉంది.

వీధి మొదట్లో కొట్టు మూసి ఉంది. రెండో కొట్టులో కరెంటు లేదు. మూడో కొట్టు దొరికి, కాగితాలు చేతికొచ్చి, ఇల్లు చేరేసరికి ఎనిమిదింబావు దాటింది. పెట్టెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మామగారు పేపరు చదువుకుంటున్నారు. ఆయన మొహంలో ఏదో వెలుగు ఉంది. వార్తలు బాగున్నాయనుకుంది. రూళ్ళ ఫైలు మాత్రం పెట్టిన చోట కనిపించలేదు. సంచిలో వేసే ఉంటాననుకుని పరుగెత్తింది.

డూప్లికేటు బ్రిడ్జిలో అదృష్టానికి పని లేదు. ఒకసారి పంచిన ముక్కలు పెట్టెలోనే ఉంటాయి. ఆ పెట్టె బల్ల నుంచి బల్లకి తిరుగుతుంది. అందరూ అవే ముక్కలు ఆడతారు కాబట్టి ఎవరు బాగా ఆడారో తేలిపోతుంది. అందుకే అక్కడ నోరు విప్పడం మహాపరాధం. మీ చేతిలో ఏమొచ్చిందో మీ మొహం కూడా చెప్పకూడదు. ఎన్ని పట్లు గెలుస్తామో పాడుకునే పాట కూడా నోటితో కాదు, చీటీలు తీసి చూపిస్తారు.

పదింటికి ఆమె "మొదలుపెట్టండి" అంది. ముప్పై రెండు మంది తలా ఒక అరలోంచి ముక్కలు తీసుకున్నారు. రూలు ప్రకారం బోర్లా పట్టుకుని పదమూడూ లెక్కపెట్టారు. తిప్పి చూశారు.

హాలంతా నిశ్శబ్దం అయిపోయింది.

మామూలుగా ఈ సమయంలో కుర్చీలు కిర్రుమంటాయి, ఎవరో ఒకరు దగ్గుతారు, సెక్రటరీ భార్య "మీ మోచెయ్యి తియ్యండి" అంటుంది. ఇవాళ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మూలన కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, పుస్తకంలో ఏదో రాసుకుంది. డైరెక్టరు ఓరగా చూసింది. 'క్రమశిక్షణ: అద్భుతం.' ఆమె గుండె ఒక్క గెంతు గెంతింది.

ఒకటో బల్ల దగ్గర పళ్ళ డాక్టరు గుండె అప్పటికే గెంతడం అయిపోయి ఆగిపోయేలా ఉంది. ఆయన చేతిలో పదమూడూ ఇస్పేట్లే. ఆసు నుంచి రెండు దాకా అన్నీ. ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నాడు. ఇలాంటిది కోటి జన్మలెత్తినా ఒకసారి రాదని అందరూ అంటారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నుదుటిన చెమట పట్టింది. పెదవి కొరుక్కున్నాడు. ఎవరూ చూడకుండా ముక్కల్ని గుండెలకి హత్తుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఎదురుగా ఆయన జోడీ లెక్కల టీచరమ్మ. ఆమె కూడా తన చేతిలోని పదమూడు డైమన్లని చూసుకుంటూ నోరు తెరిచి ఉంది. పక్కనున్న సెక్రటరీకి పదమూడూ ఆఠీన్లు, ఆయన భార్యకి పదమూడూ కళావర్లు. ఎవరి సంబరం వాళ్ళది. ఎదుటివాళ్ళ మొహాలు చూసే తీరిక ఎవరికీ లేదు. ముందుగా తేరుకున్నది సెక్రటరీ భార్యే.

"డైరెక్టర్! ఈ డాక్టరు గారికి ఏదో అవుతోంది!"

డైరెక్టరు పరుగున వచ్చింది. "ఏమండీ, నొప్పా?"

నోరు తెరిస్తే "ఇస్పేట్లు" అనేస్తానన్న భయంతో ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఎందుకైనా మంచిదని నిలువుగా కూడా ఊపాడు.

"ముక్కలు ఇలా ఇవ్వండి. నీళ్ళు తాగండి."

"చచ్చినా ఇవ్వను!"

"చూశారా, చావు మాటలు!" అంది సెక్రటరీ భార్య.

డైరెక్టరు వెనక్కి తిరిగింది. నాలుగో బల్ల దగ్గర తపాలా ఆఫీసాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆరో బల్ల దగ్గర ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని కిసుక్కుమంటోంది. ఎనిమిదో బల్ల దగ్గర కాంట్రాక్టరు, పదిహేనేళ్ళుగా ఎవరితోనూ నవ్వని మనిషి, ఫ్యాను వైపు చూసి నవ్వుతున్నాడు.

"పొద్దున వీళ్ళంతా ఏం తాగారు?" అంటూ పెద్దావిడ లేచింది.

"కాఫీ అండీ," అన్నాడు క్యాంటీను ఆయన గుమ్మంలోంచి. "నేనే కలిపాను. నేనూ తాగాను." అంటూనే తన నుదురు తనే తడిమి చూసుకున్నాడు. రెండు నిమిషాల్లో ఆయనకీ కళ్ళు తిరిగాయి.

ఇక ఆగలేదు. ఎవరో అంబులెన్సుకి ఫోను చేశారు. కాఫీ కాదు, గ్యాసు లీకయి ఉంటుందని వాచ్‌మన్ అన్నాడు. పెద్దావిడ "వెంటనే హాలు ఖాళీ చేయించండి" అంది. డైరెక్టరు బల్ల మీద చెయ్యి చరిచి, "అందరూ బయటికి! ముక్కలు బల్ల మీద వదిలెయ్యండి!" అంది.

బయటికి అందరూ వెళ్ళారు. ముక్కలు ఒక్కరూ వదల్లేదు.

ఆ తర్వాత పావుగంటసేపు ఆ వీధిన వెళ్ళిన వాళ్ళెవరూ ఆ దృశ్యం మర్చిపోయి ఉండరు. ముప్పై రెండు మంది పెద్దమనుషులు రోడ్డు పక్కన, గుండెలకి పేక ముక్కలు హత్తుకుని, ఒకరికొకరు వీపులు తిప్పుకుని నిలబడ్డారు. ఎవరైనా ఇటు తిరిగితే అవతలివాళ్ళు అటు తిరుగుతున్నారు.

"కొంచెం జరగవే, ఎండ కొడుతోంది," అన్నాడు సెక్రటరీ.

"అటు తిరిగి మాట్లాడండి. నా ముక్కలు చూస్తారు."

"ముప్పై ఏళ్ళ కాపురంలో నా దగ్గర దాపరికమా!"

"మీ చేతిలో ఏముందో చెప్పండి చూద్దాం మరి?"

సెక్రటరీ అటు తిరిగాడు.

అంబులెన్సు వచ్చింది. నర్సు దిగి పళ్ళ డాక్టరు నాడి చూస్తానంది. ఆయన ముక్కలున్న చెయ్యి వెనక దాచుకుని రెండోది ఇచ్చాడు. "బాబోయ్, నూట నలభై!" అని నర్సు స్ట్రెచరు తెప్పించింది.

"నా వంతు అయ్యాక వస్తానమ్మా. ఒక్కటంటే ఒక్క వంతు," అని బతిమాలాడు డాక్టరు.

"అంబులెన్సులో వంతులుండవండీ. పడుకోండి."

సరిగ్గా అప్పుడే సైకిలు గంట వినిపించింది. మామగారు. వెనక సీటుకి రూళ్ళ ఫైలు కట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చారు. సైకిలు స్టాండు వేసి, జనాన్నీ అంబులెన్సునీ ఒకసారి చూసి, ఇవన్నీ ఈ పోటీల్లో మామూలే కాబోలనుకున్నారు.

"ఫైలు మర్చిపోయావమ్మా. ఇంతకీ ముక్కలు ఎలా ఉన్నాయి? బాగున్నాయా?"

డైరెక్టరు గిరుక్కున ఆయన వైపు తిరిగింది. "ఎలా ఉండడం అంటే?"

"నీకు చెప్పకుండా చేద్దామనుకున్నాను. పరీక్ష కదా అని." ఆయన గొంతులో గర్వం దాగలేదు. "పెట్టెకి నాలుగు అరలు. పేకలో నాలుగు రకాలు. అయినా ఆ బుర్ర లేని కంప్యూటరు అన్నీ కలగాపులగం చేసి కుక్కించిందమ్మా! అన్నీ విడదీసి, ఏ రకం ఆ అరలో సర్దాను. పెట్టెకి మూడు నిమిషాలు పట్టింది. ఇరవై నాలుగూ పూర్తి చేశాను."

"కదపొద్దన్నాను కదా మావయ్యా!"

"కదపలేదే! ఉన్న చోటే సర్దాను."

ముప్పై రెండు మంది మెల్లగా ఒకరివైపు ఒకరు తిరిగారు. మొట్టమొదట తపాలా ఆఫీసాయన తన ముక్కలు విప్పి చూపించాడు. అన్నీ ఇస్పేట్లే. పక్కనున్నామె తనవి విప్పింది. అన్నీ ఇస్పేట్లే. స్ట్రెచరు మీంచి పళ్ళ డాక్టరు తల ఎత్తి చూశాడు. ఆయన నాడి మామూలుకి దిగిపోవడం నర్సు స్పష్టంగా గమనించింది.

పెద్దావిడ నోటు పుస్తకం తెరిచింది. "డైరెక్టర్ గారూ, ఏం జరిగిందో చెప్తారా?"

సెక్రటరీ డైరెక్టరు చెవి దగ్గరకి వచ్చాడు. "కంప్యూటరు తప్పని చెప్పెయ్యండి. ఆవిడ దూరంగా ఉంది, మీ మావయ్యగారు చెప్పింది వినబడి ఉండదు."

నిజంగానే వినబడి ఉండదు. పదకొండేళ్ళు, రెండు ఓటములు, ఇంకో మూడేళ్ళు. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటూ, మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నారు.

"ఈయన మా మావయ్యగారండీ," అంది పెద్దావిడతో. "ముక్కలు సర్దింది ఆయనే. కాని పెట్టెల్ని కాపలా లేకుండా వదిలింది నేను. తప్పు డైరెక్టరుది."

"అయితే ఇప్పుడేం చేస్తారు? రూలు చూసి చెప్పండి."

ఆమె ఫైలు తెరిచింది. మొదటి పేజీలో ఒకటో రూలు ఉండాలి. 'అదనపు ముక్క దొరికినచో' అని ఉంది. రెండో పేజీలో 'ఆలస్యంగా వచ్చిన జోడీ'. మూడో పేజీలో 'ఇతర బల్లల మాటలు వినుట'.

"దాన్ని కూడా సర్దానమ్మా," అన్నారు మామగారు. "నెంబర్లతో ఎవరికి గుర్తుంటుంది? ఇప్పుడు చూడు, సులువు."

ఆమె ఫైలు టప్పున మూసేసింది. నిటారుగా నిలబడి, స్కూల్లో పిల్లలా చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "వరసగా సర్ది ఉన్న పేకని కలపకుండా పంచితే ఆ ఆట ఫలితం చెల్లదు. మళ్ళీ కలపాలి, మళ్ళీ పంచాలి. అందరూ లోపలికి రండి. ప్రతి బల్ల దగ్గరా పెట్టెలోని ముక్కలన్నీ మీరే కలిపి పంచుకోండి."

"డైరెక్టర్!" స్ట్రెచరు మీంచి చెయ్యి లేచింది. "నా ఒక్క పెట్టె వరకు వదిలెయ్యకూడదా?"

"కూడదండీ."

"ఒక్కసారి అన్ని పట్లూ నావేనని ఏడు ఇస్పేట్ల చీటీ చూపించి..."

"దిగి లోపలికి రండి డాక్టరు గారూ. రెండు నిమిషాలు దాటితే జరిమానా." తర్వాత మామగారి వైపు తిరిగింది. "మావయ్యా, మీరు ఆ మూల కుర్చీలో కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి. కదపకుండా కూడా."

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన కోడలి మాట విని ఒక చోట కూర్చోవడం అదే మొదటిసారి. ముప్పై రెండు మంది కలిసి తను పొద్దున్నంతా చేసిన పనిని పరపరా కలిపేస్తుంటే చూడలేక, "అయ్యయ్యో... అయ్యయ్యో" అంటూ గోడవైపు తిరిగిపోయారు. కొత్తగా పంచిన మొదటి పెట్టెలో పళ్ళ డాక్టరుకి ఇస్పేటు ఒక్కటే వచ్చింది. అదీ అన్నిటికన్నా చిన్నది: రెండు.

సాయంత్రం అయిదింటికి పెద్దావిడ పుస్తకం మూసి లేచింది.

"పాతికేళ్ళుగా ఆ రూలు పాఠం చెప్తున్నాను," అంది. "సర్దిన పేకని ఎవరమ్మా పంచేది, ఎందుకు పెట్టారీ రూలు అని అనుకునేదాన్ని. ఇవాళ తెలిసింది. రూలు పుస్తకం చూడకుండా, సొంత తప్పు దాచకుండా, ఇంటిపెద్దని మూల కూర్చోబెట్టి మరీ అమలు చేసిన డైరెక్టరుని నేను ఇంతవరకూ చూడలేదు. పాసయ్యారు." మెట్లు దిగబోతూ ఆగింది. "మీ మావయ్యగారు ఖాళీగానే ఉంటారా? మా సంఘం సామాను గది ఒకటుంది. ఆరేళ్ళుగా దాని తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు."

మామగారు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నారు.

పది రోజులకి సీనియర్ డైరెక్టరు సర్టిఫికెట్టు టపాలో వచ్చింది. మర్నాడు ఫ్రేము కట్టించడానికి చూస్తే కనిపించలేదు. రెండు గంటలు వెతికాక స్నానాల గది అలమరలో, సబ్బులకీ సూదుల డబ్బాకీ మధ్య దొరికింది.