నల్లబట్టల మెయిల్

శుక్రవారం పొద్దున విశ్వేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే: పదకొండు గంటలకల్లా పదిమందిని కుర్చీల్లో కూర్చోబెట్టడం. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన టెస్టింగ్ లీడ్. ప్రాణం మాత్రం పాత అమెరికా నలుపు తెలుపు క్రైమ్ సినిమాల మీద. అవీ పెద్దవి కావు; వారం రోజుల్లో, రెండు గదుల్లో, అరువు తెచ్చిన దుస్తులతో చుట్టేసినవి. ఆఫీసు సినిమా క్లబ్బుకు ఆయనే అధ్యక్షుడు, కార్యదర్శి, చాలాసార్లు ప్రేక్షకుడు కూడా. ఈసారి పదిమంది రాకపోతే హాలు మీటింగులకు తీసేసుకుంటానని మేనేజర్ ప్రియదర్శిని తేల్చి చెప్పింది.

సినిమా అంటే ఎవరూ రారని అనుభవం మీద తెలుసు కాబట్టి, ఆ ముక్క దాచి, గురువారమే అందరికీ గుట్టుగా ఒక మెయిల్ కొట్టాడు: "రేపు పదకొండుకి అందరూ నల్లబట్టల్లో మూడో అంతస్తు హాలుకు రండి. లైట్లు ఆర్పేస్తాం. ఎవరూ మాట్లాడకూడదు." నలుపు తెలుపు సినిమాకు నల్లబట్టలన్న తన తెలివికి తనే మురిసిపోయాడు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. నల్లబట్టలు కడితే నిరసన, లైట్లు ఆర్పితే నిరసన, నోరు మూసుకుంటే మౌన నిరసన. ఈ మహానుభావుడు మూడింటికీ ఒకే మెయిల్లో పిలుపిచ్చాడు. తెనాలి మనిషికి ఆ సంగతి తట్టనే లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ లింగయ్య ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "సారూ, ఆంధ్రాయన అయ్యుండి గూడ గింత పెద్ద మనసు చేస్తిరి! పక్క బిల్డింగులల్ల గూడ చెప్పిన."

"ఎంత మంచి మాటండీ! పదిమందైనా వస్తారంటారా?"

"పదిమందేంది సారూ? ఫికర్ చెయ్యకున్రి. హాలు సాలదు."

సినిమాల మీద ఇంత అభిమానం గేటు దగ్గరే ఉండగా ఇన్నాళ్లూ పైనెక్కడో వెతికానే అని విశ్వేశ్వరరావుకు కళ్లు చెమర్చాయి.

పదకొండుకు హాలు కిక్కిరిసింది. డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, పక్క కంపెనీల ఇంజనీర్లు, అందరూ నల్లబట్టలే. ఒకాయన డప్పు కూడా తెచ్చాడు. నేపథ్య సంగీతం కాబోలు అనుకున్నాడు మన అధ్యక్షుడు. ఎవరో మెడలో దండ వేసి, "జర మాట్లాడున్రి సారూ" అన్నారు. అడగడమే ఆలస్యం.

"వీళ్లకి ఎవరూ సరిగ్గా డబ్బివ్వలేదండీ!" అన్నాడు, చెయ్యెత్తి. "పెద్దవాళ్లు వాడి వదిలేసిన చోట్లలో పనిచేశారు. లైట్లు కూడా సగమే ఇచ్చారు. ఆ చీకట్లోంచే మొహమెత్తి నిలబడ్డారు! కష్టం వీళ్లది, పేరు ఇంకొకళ్లది!"

"జై తెలంగాణ!" హాలు దద్దరిల్లింది. డప్పు మోగింది. సెల్‌ఫోన్లలో ఫొటోలు పడ్డాయి. అప్పుడు గాని విశ్వేశ్వరరావుకు విషయం ఎక్కలేదు.

ప్రియదర్శిని పరుగున వచ్చి, జనాన్ని చూసి, ఆయన చెవిలో చెప్పింది. "హాలు మీదేనండీ. ఎప్పటికీ మీదే. కాస్త శాంతంగా కానివ్వండి చాలు."

కోరింది చేతికొచ్చింది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఇంతమందిని మోసం చెయ్యడానికి మనసొప్పక, ఆయన దండ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తప్పు నాదేనండీ. నేను చెప్పింది పాత సినిమా నటుల గురించి. మిమ్మల్ని పిలిచింది సినిమాకి."

లింగయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఎంతసేపు?"

"గంటేనండీ."

లింగయ్య వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. "లైట్లు ఎట్లయినా ఆర్పుతం, నోరు ఎట్లయినా మూసుకుంటం. నిరసన అయితది, సినిమా గూడ అయితది. ఇగ ఎయ్యిన్రి సారూ."

వేశాడు. సగం మొహం నీడలో పెట్టుకుని హీరోయిన్ తలుపు దగ్గర నిలబడింది. ఇంగ్లీషు చాలామందికి తెలియదు. అయినా ఒక్కరూ కదల్లేదు. హౌస్‌కీపింగ్ చంద్రమ్మ మాత్రం నియమం తప్పి, పక్కామెతో గట్టిగానే అంది. "పిక్చరంత ఒక్క గౌను మీదనే ఎల్లదీసింది బిడ్డ. గా కండ్లు సూడు. ఇంకో గౌను తొడిగినా ఎవలు సూస్తరు?"

ఏడేళ్లుగా తను చెప్పలేక చస్తున్న మాట అదే. విశ్వేశ్వరరావు ప్రొజెక్టర్ పక్కన నిలబడి హాయిగా ఏడ్చేశాడు.

మర్నాడు పేపర్లో, దండతో, చెయ్యెత్తి గర్జిస్తున్న ఆయన ఫొటో వచ్చింది. తెనాలి నుంచి తండ్రి సుబ్బరాయుడు ఫోన్ చేశాడు. "ఏరా, ఉద్యమంలో చేరావా?"

"లేదు నాన్నా. అది సినిమా గురించి."

అవతల ఆయన గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ అడిగితే ఉద్యమమనే చెప్పరా," అన్నాడు సుబ్బరాయుడు. "మళ్లీ సినిమాలే అంటే తట్టుకోలేదు."