మల్లెకు చెక్కనీళ్లు

ఫిబ్రవరి చివరి ఆదివారం పొద్దున్నే ఓబులేసు కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు. కోకాపేటలో తొమ్మిదో అంతస్తు. భార్య భానుశ్రీ ఆఫీసు పని మీద పుణె వెళ్లి ఏడు నెలలైంది. సెలవడిగిన ప్రతిసారీ ఆమె మేనేజరు వచ్చే నెల చూద్దామనేవాడు. ఆమె దిండు అతను ఇంకా మంచం మీద అటు పక్కనే ఉంచేవాడు. ఉగాదికైనా వస్తుందని, అప్పటికి ఆమె మల్లెచెట్టు విరగబూయాలని అతని ఆశ.

"ఆకంతా దూసెయ్. కొమ్మలు కత్తిరించు. చెనక్కాయ చెక్క నానబెట్టి ఆ నీళ్లు పొయ్" అని రెండు వారాల కిందట ఫోనులో చెప్పింది భానుశ్రీ. ఎన్నాళ్లు నానబెట్టాలో అతను అడగలేదు. ఆమె గొంతు వింటూ ఉండిపోయాడు. నూనె తీయగా మిగిలిన ఆ వేరుశనగ చెక్క మూత బిగించిన బకెట్లో పన్నెండు రోజులు నానింది.

ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మూత తీశాడు. కంపుకు కళ్లు తిరిగాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని రెండు చెంబులు పోశాడు. కుండీ అడుగు నుంచి కారిన నీళ్లు కింది అంతస్తులో రామ్మోహనరావుగారి బాల్కనీలోకి జారాయి. ఆయన నీళ్లు చూడలేదు. వాసన చూశారు.

"గ్యాసు లీకవుతోందండీ! అందరూ జాగ్రత్తండీ!" అని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

వాచ్‌మన్ యాదయ్య విజిల్ ఊదుకుంటూ మెట్లెక్కాడు. "అందరు కిందికి నడువుండ్రి! లిఫ్టు ఎక్కకుండ్రి, ఫోన్లు ముట్టకుండ్రి!"

ఓబులేసు కూడా హడలిపోయి, ఫోను ఇంట్లోనే వదిలేసి అందరితో పాటు దిగాడు. కింద రామ్మోహనరావు అతని పక్కకొచ్చి ఆగి, ముక్కు ఎగబీల్చారు.

"ఏవండీ, గ్యాసు మీతో పాటే దిగొచ్చినట్టుందండీ!"

ఓబులేసు తన చేతులు చూసుకున్నాడు. అప్పటికి వెలిగింది.

"అది... మల్లెచెట్టుకు ఎరువు సార్."

"జర ముందుగాల చెప్తే ఏంబోయె సార్?" అన్నాడు యాదయ్య. "ఇద్దరు ముసలోళ్లను ఎత్తుకొని దించినం!"

ప్రతి గుమ్మం దగ్గరా క్షమాపణలు చెప్పి, రెండు బాల్కనీలూ ఫినాయిలుతో కడిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ఫోను చూస్తే నలభై ఒక్క మిస్డ్ కాల్స్, అన్నీ భానుశ్రీవే. ఆ గ్రూపులో ఆమె కూడా ఉంది. గ్యాసని రాసినవాళ్లే గానీ, ఎరువని రాసినవాళ్లు లేరు. తిరిగి చేస్తే స్విచాఫ్. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడు.

ఆరింటికి బెల్లు మోగింది. గుమ్మంలో భానుశ్రీ. చేతిలో బ్యాగు లేదు, కాళ్లకు బాత్రూమ్ చెప్పులు.

"ఫోనెత్తేదానికి ఏమబ్బా నీకు?" అంటూ అతని చొక్కా కాలరు పట్టుకుని భోరుమంది. విమానం ఎక్కేదాకా చేస్తూనే ఉందట, దాంతో ఫోనులో చార్జింగ్ అయిపోయిందట. కాసేపటికి తలెత్తి, "ఏంది ఈ కంపు?" అంది.

"నువ్వు చెప్పిన చెక్కే."

"మూడు దినాలు నానబెడతారు ఎవరైనా!" అంది గానీ, కాలరు వదల్లేదు.

ప్రమాదం మాట వినగానే మేనేజరు ఒక్క ప్రశ్న వేయకుండా పది రోజుల సెలవు ఇచ్చేశాడట. ప్రమాదమేమీ జరగలేదని ఆయనకు కబురు చేయడానికి ఆ పది రోజుల్లో ఇద్దరికీ తీరిక దొరకలేదు.