మంత్రిగారి పుస్తకానికి గిరాకీ

పాపువా న్యూ గినీలో ఈ ఏడాది ప్రతి బిడ్డా ఒక గొప్ప పుస్తకం చదివి తీరుతుందని గౌరవనీయ మంత్రి ఆంబ్రోస్ డిలు గారు రాజధానిలో ప్రకటించారు. ఆ గొప్ప పుస్తకం ఏదో వెతుక్కునే శ్రమ జనానికి ఉండకూడదని, దాన్ని కూడా ఆయనే రాయించి సిద్ధంగా ఉంచారు. పేరు 'నేను నడిచిన కొండలు, మీరు నడవబోయే రోడ్లు'. ఆయన జీవిత చరిత్ర. రోడ్ల సంగతి రెండో భాగంలో వస్తుందట.

ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది. ఏ స్కూలు రీడింగ్ క్లబ్ పిల్లలు ఈ పుస్తకాన్ని, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వేచ్ఛగా తమ అభిమాన గ్రంథమని ఎన్నుకుంటారో ఆ క్లబ్బుకు ఇనుప రేకుల కప్పు వేయిస్తారు. వేరే పుస్తకం ఎన్నుకునే పిల్లల స్వేచ్ఛను కూడా ప్రభుత్వం పూర్తిగా గౌరవిస్తుంది. వాళ్లకు రేకులుండవు.

కొంబుగా కొండమీద స్కూలు టీచరు ఫిలోమినా రేడియోలో ఈ వార్త విని, రేకులన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆమె క్లబ్బు స్కూలు గోడకు ఆనించి వేసిన గడ్డి పంచలో నడుస్తుంది. వానొస్తే ఆమె తను తడిసి, పుస్తకాలను బియ్యం సంచిలో దాస్తుంది. అయినా పోయిన వానల్లో రెండు పుస్తకాలు ముద్దయిపోయాయి. వాటిని మొక్కజొన్న తోటలో పూడ్చిపెట్టిన రోజున డెల్మా అనే పిల్ల, పెంచుకున్న పందిపిల్ల చచ్చినంతగా ఏడ్చింది. మళ్లీ వానలు వస్తున్నాయి. ఈసారి క్లబ్బులో ఏమీ మిగలదని ఫిలోకు తెలుసు. ఆ దిగులుతో ఆమెకు అన్నం సయించడం లేదు.

ఆ క్లబ్బుకు కొన్ని పద్ధతులున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు చాపమీద కూర్చుంటారు. ఒక్కొక్కరు తమకు నచ్చిన పుస్తకం తీసి అందులో సంగతి చెబుతారు. మిగిలినవాళ్లు "తర్వాత ఏమైంది?" అని అడుగుతారు. చెప్పడం అయ్యాక పుస్తకాలు మార్చుకుంటారు. చాపమీద కూర్చున్నవాళ్లు ఎంతటివాళ్లయినా ఒక పుస్తకం గురించి చెప్పకుండా లేవకూడదు. ఒకసారి చర్చి ఫాదర్ కాళ్లు నొప్పులని కాసేపు కూర్చుని, చీకటిపడేదాకా ఇరుక్కుపోయాడు.

అందరికీ ఎక్కువ ఇష్టమైనది ఒక తిమింగలం పుస్తకం. దాని చివరి పేజీని ఎలుక తినేసింది. అందుకని వారానికొకరు దానికి ముగింపు చెబుతారు. డెల్మా చెప్పే ముగింపులో తిమింగలం నది వెంబడి కొంబుగా దాకా ఎక్కివచ్చి, చిలగడదుంపలు తిని, ఇక సముద్రానికి పోనంటుంది.

ఇంతలో జిల్లా అధికారి మార్టిన్ గోర్ పెట్టెలకొద్దీ మంత్రిగారి పుస్తకాలు దింపించాడు. ఖర్చు తగ్గించి ప్రజాధనం కాపాడాలని వాటిని పలచటి న్యూస్‌పేపరు కాగితం మీద వేయించిన దూరదృష్టి ఆయనదే. వారం తిరక్కుండా డెల్మా ఒక పుస్తకం పట్టుకుని ఫిలో దగ్గరకు వచ్చింది.

"టీచర్, నూట పది పేజీలు చదివాను. ఆయన ఇంకా పుట్టలేదు."

"మరి అన్ని పేజీల్లో ఏముందే?"

"వాళ్ల ముత్తాతలు ఎంత మంచివాళ్లో ఉంది. ఒక్కసారి కూడా 'తర్వాత ఏమైంది' అని అడగబుద్ధి కాలేదు టీచర్."

"రేకుల కోసమైనా అడగవే తల్లీ. ఇదే నీకిష్టమని ఒక్క మాట చెప్పు."

"అబద్ధం చెప్పమంటారా?" అంది డెల్మా. ఫిలోకు సిగ్గేసింది. వద్దులే, వెళ్లి ఆడుకో అంది.

ఆశ్చర్యం ఏమిటంటే, మర్నాటినుంచి మంత్రిగారి పుస్తకాలు షెల్ఫు మీద నిలవడం మానేశాయి. పిల్లలు ముట్టుకోలేదు. తాతలు వచ్చారు, బామ్మలు వచ్చారు, సంతకం కూడా రానివాళ్లు వచ్చి వరసలో నిలబడి తీసుకెళ్లారు. ఊరికి ఇంత చదువు పిచ్చి ఎప్పుడు పట్టిందో ఫిలోకు అర్థం కాలేదు. సాయంత్రం పందుల దడి వైపు వెళ్లి చూస్తే, డెల్మా తాత కౌలే నలుగురిని కూర్చోబెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట మీద అచ్చక్షరాలు కనబడుతున్నాయి.

"తాతా, అది మంత్రిగారి పుస్తకమేనా?"

"అదేనమ్మా. చాలా మంచి పుస్తకం. పొగాకు పెరట్లో పండుతుంది గానీ చుట్టుకోడానికి కాగితమేదీ? ఇదైతే పలచన, సమంగా కాలుతుంది, గొంతు పట్టదు. పాత మంత్రి కూడా వేశాడొకటి, నున్నటి కాగితం. ఎంత ఊదినా అంటుకునేది కాదు. ఓడిపోయాడు పాపం."

"పిల్లల క్లబ్బు పుస్తకాలు తగలేయడానికి మీకు సిగ్గు లేదూ?"

కౌలే తాతకు నిజంగా కష్టమేసింది. "మేం పిల్లల పుస్తకాల జోలికి ఎప్పుడైనా వెళ్లామా ఫిలో? ఆ తిమింగలం పుస్తకం వాకిట్లో పడివుంటే తీసి లోపల పెట్టాను. కథ ఉన్న కాగితం కాల్చబుద్ధి కాదమ్మా."

తనిఖీకి వచ్చిన మార్టిన్ గోర్ ఖాళీ షెల్ఫు చూసి పులకించిపోయాడు.

"ఒక్క కాపీ కూడా లేదు! మేడం, దేశం మొత్తమ్మీద ఈ రికార్డు మీదే!"

"సార్, పుస్తకాలు జనంలోకి వెళ్లిన మాట నిజమే గానీ..."

"గానీ వద్దు మేడం. రిపోర్టులో 'గానీ'కి కాలమ్ లేదు. మంత్రిగారే వస్తారు. రేకులు కూడా ఆయనే ప్రకటిస్తారు."

ఫిలో నిజం చెప్పేయాలనుకుంది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆమె మాట మింగేసి, సంచి అందుకుని పంచలోకి పరిగెత్తింది.

శుక్రవారం మంత్రిగారు వచ్చారు. గోతిలో వేడి రాళ్లమీద పంది మాంసం ఉడుకుతోంది. తలలకు ఈకలు కట్టుకుని ఊరంతా వచ్చింది. పత్రికవాడు కెమెరాతో వచ్చాడు. పిల్లలతో కలిసి కూర్చుంటే ఫోటో బాగుంటుందని మార్టిన్ చెప్పగా, మంత్రిగారు తన నిరాడంబరత అందరికీ కనబడేలా చాపమీద చతికిలబడ్డారు.

"నా జీవితాన్ని మీ ఇంటింటికీ తీసుకెళ్లారని విన్నాను," అన్నారాయన గద్గదంగా. ముందువరసలో ఉన్న కౌలేను చూసి, "తాతా, ఎలా ఉంది నా పుస్తకం?" అని అడిగారు.

ఫిలో వెనకనుంచి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"చాలా బాగుంది నాయనా. అన్నీ కాల్చేశాం. పొగాకు ఇంకా మిగిలింది. ఇంకో పెట్టె పంపిస్తావా?"

మంత్రిగారి ముఖం కందిపోయింది.

"కాల్చేశారా? నా త్యాగాలు, నా పోరాటాలు, చుట్టలు చుట్టుకున్నారా? పుస్తకమంటే గౌరవం లేని ఊరికి రేకులెందుకు? రద్దు!"

"రద్దు!" అన్నాడు మార్టిన్, ఎవరైనా వినలేదేమోనని.

ఫిలోకు ఏడుపొచ్చింది. మంత్రిగారు లేవబోయారు. డెల్మా ఆయన చొక్కా కొస పట్టుకుంది.

"సార్, చాపమీద కూర్చున్నవాళ్లు తమకిష్టమైన పుస్తకం గురించి చెప్పకుండా లేవకూడదు. ఫాదర్ కూడా చెప్పాకే లేచారు."

పత్రికవాడు కెమెరా ఎత్తాడు. మంత్రిగారు వెంటనే మళ్లీ కూర్చున్నారు.

"చెబుతానమ్మా. వీళ్లకు సిగ్గొచ్చేలా చెబుతాను. నాకిష్టమైన పుస్తకం ఇదే. మీలాగా తగలెయ్యను. ఎక్కడికెళ్లినా, నిద్రపోయేటప్పుడు కూడా, నా పక్కనే ఉంటుంది." భుజానికున్న అల్లిక సంచిలోంచి తన కాపీ తీసి గాల్లో ఊపి, పిల్ల చేతిలో పెట్టారు.

డెల్మా పద్ధతి ప్రకారం రెండు చేతులతో అందుకుని తెరిచింది. లోపలినుంచి ఎండు పొగాకు రేక ఒకటి జారి చాపమీద పడింది.

"సార్, మా పుస్తకంలో మీరు నూట పదో పేజీకి కూడా పుట్టలేదు," అంది డెల్మా సంబరంగా. "మీదాంట్లో మొదటి పేజీలోనే పుట్టేశారు!"

కౌలే తాత ముందుకు వంగి, పేజీలు ఊడిన చోట బొటనవేలితో రాసి చూశాడు. "ఒక్క అంచు కూడా చిరగలేదు. చెయ్యి తిరిగినవాడివి నాయనా," అన్నాడు గౌరవంగా.

మంత్రిగారు ఆ పుస్తకాన్ని మెల్లగా వెనక్కి లాక్కుని సంచిలో వేసుకున్నారు. పత్రికవాడు ఏదో రాసుకుంటున్నాడు. మార్టిన్ గోర్ పరిస్థితి చక్కదిద్దాలని, "పిల్లలు మంత్రిగారికి తమ పుస్తకం ఇస్తున్న ఫోటో!" అని కేకేశాడు. అందరూ డెల్మా వైపు చూశారు. డెల్మా తిమింగలం పుస్తకాన్ని వీపు వెనక్కు పెట్టుకుంది.

"ఇవ్వను."

"ఇవ్వమ్మా, తప్పు. వారంలో తిరిగి ఇచ్చేస్తాను," అన్నారు మంత్రిగారు, కెమెరా వైపు నవ్వుతూ.

"దీనికి అసలే చివరి పేజీ లేదు సార్. మొదటివి కూడా పోతే మేమేం చెప్పుకోవాలి?"

పత్రికవాడు కాగితం తిప్పాడు. మంత్రిగారి నవ్వు అలాగే ఉంది గానీ నుదుట చెమట పట్టింది. ఫిలో అది చూసింది. చేత్తో కళ్లు తుడుచుకుని, ఎప్పుడూ లేనంత వినయంగా ముందుకొచ్చింది.

"చిన్నపిల్ల సార్, భయపడుతోంది. రేకులొచ్చిన రోజున పుస్తకం తనే తెచ్చి ఇస్తుంది. అంతేనా డెల్మా?"

డెల్మా చాలాసేపు ఆలోచించి, సరేనని తలూపింది.

"రేకులా? తప్పకుండా! రద్దని ఎవరన్నారు మార్టిన్?"

"నేనే అన్నాను సార్," అన్నాడు మార్టిన్ గోర్. ఆయన ఉద్యోగంలో పైకి వస్తాడని ఫిలోకు అప్పుడే అనిపించింది.

సోమవారం పొద్దున్నే లారీ వచ్చింది. సాయంత్రానికి కప్పు పడింది. రాత్రి కురవాల్సిన వాన ఆగలేక, మేకులు కొడుతుండగానే మొదలైంది. రేకుల మీద ఆ చప్పుడు వింటూ ఫిలో సంచి విప్పి, ఒక్కొక్క పుస్తకమే షెల్ఫు మీద పేర్చింది. ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

మాటంటే మాటేనని డెల్మా తిమింగలం పుస్తకాన్ని అరటాకులో చుట్టి, ముద్దు పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ లారీ దగ్గరకు తీసుకెళ్లింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అక్కర్లేదన్నారు పాపా. మంత్రిగారికి ఆయన పుస్తకమే ఇంకా సగం మిగిలుందట."