పంతొమ్మిది తాత్కాలికాలు

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు బల్లమీద పడిన చప్పుడుకే తూనికల ఇన్‌స్పెక్టరుగారికి ఆ రోజు ఎలా గడవబోతోందో అర్థమైపోయింది. సగం కాఫీ సాసర్లోకి దూకింది.

"పూర్తి చేస్తారా, అమ్మేస్తారా? సాయంత్రంలోగా తేల్చండి," అంది భార్య.

తేల్చవలసింది షెడ్డులో పదకొండేళ్ళుగా పడి ఉన్న పాత కారు సంగతి. తాతల నాటి ఆ కారును నాలుగు నెలల్లో కొత్తదానిలా చేసి రోడ్డెక్కిస్తానని మాటిచ్చి, ఇన్‌స్పెక్టరుగారు మొదటి వారంలోనే దాన్ని ఊడదీశారు. ఊడదీయడం మహా జోరుగా సాగింది. ప్రతి ముక్కకూ నంబరు వేసి, దారంతో చీటీ కట్టి, డబ్బాల్లో సర్దారు. మొత్తం నాలుగు వందల పన్నెండు. ఆ తరవాత ఎక్కడి గొంగళి అక్కడే ఉండిపోయింది.

ఆ షెడ్డు భార్యకు కావాలి. ఇన్నేళ్ళూ వరండాలో రెండు మిషన్లతో, ఎండొస్తే ఇటు జరిగి వానొస్తే అటు జరిగి ఆవిడ కుట్టు నేర్పుతోంది. ఇప్పుడు ఒక్కసారిగా ఎనిమిదిమంది చేరారు. వాళ్ళ మిషన్లు సోమవారం పొద్దున దిగుతాయి. దిగాల్సిన చోట కారు ఉంది.

"అమ్మేస్తాను! అమ్మి పారేస్తాను! సరేనా?" అని ఇన్‌స్పెక్టరుగారు అరిచారు. అన్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, ఎప్పటినుంచో ఆ కారు అడుగుతున్న ఒక పాతకార్ల పిచ్చాయనకు ఫోన్ చేసి, నాలుగింటికి రమ్మన్నారు.

"అన్నీ ఉన్నాయాండీ?" అని అడిగాడాయన.

"ఒక్క మర తగ్గినా నన్నడగండి!"

ఆ మాట అనేశాక షెడ్డులోకి వెళ్ళి జాబితా ముందేసుకుని సరిచూశారు. పంతొమ్మిది తగ్గాయి.

కోపం నషాళానికంటింది. ఇంట్లో దొంగ అంటే ఆయన దృష్టిలో ఒక్కడే, మేడమీద గదిలో ఉంటున్న బావమరిది. హాల్లోకి పిలిపించి, తాను కూర్చుని, అతన్ని నిలబెట్టారు.

"నా కారుని ముక్కముక్కలు చేసి అమ్ముకు తిన్నావు కదరా!"

"నీ తుప్పు నాకెందుకు బావా?"

"ముందు సీటే లేదు! కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోయిందా?"

"మరి నువ్వు కూర్చున్నదేంటి?"

ఇన్‌స్పెక్టరుగారు లేచి, వంగి చూశారు. సీటు కింద చీటీ ఇంకా వేలాడుతోంది. నంబరు ముప్ఫై ఏడు. దానికింద ఆయన సొంత దస్తూరీలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, "తాత్కాలికం. వచ్చే ఆదివారం తిరిగి పెట్టాలి." తేదీ తొమ్మిదేళ్ళ కిందటిది.

"రండి, మిగతా దొంగసొత్తు కూడా చూపిస్తాను," అంది భార్య.

ఇంట్లో ఏది విరిగినా ఆయన నోట ఒకటే మాట వచ్చేది, "కొనడమెందుకు, షెడ్డులో ఉందిగా." అందుకే వంటింటి సింకు కింద రేడియేటరు గొట్టం ఉంది. కాలు విరిగిన గిన్నెల అల్మరా కింద కారు జాకీ ఉంది. స్నానాలగది తలుపు కారు తలుపు మడతబందుల మీద తిరుగుతోంది. గుమ్మం దగ్గర మీట నొక్కితే కారు హారనే మోగుతోంది. అన్నిటికీ చీటీలున్నాయి. అన్నిటిమీదా తాత్కాలికమే.

"మీ కారు సగం నా వంటింట్లో ఉంది, నా షెడ్డు మొత్తం మీ కారు కింద ఉంది!" భార్య గొంతు పెరిగింది. "ఆయనకి ఫోన్ చేసి, కొన్ని లేవని చెప్పండి. అంతే కదా!"

"చెప్పడమా! పది గ్రాములు తగ్గితే కొట్టువాడి పీక పట్టుకునే మనిషిని నేను. పంతొమ్మిది తగ్గాయని నా నోటితో చెప్పాలా?"

తప్పు తనదని తెలిశాక మనిషికి సిగ్గు రావాలి. ఇన్‌స్పెక్టరుగారికి ఇంకా కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, స్పానరు తీసుకుని ఇంటి మీద పడ్డారు.

ముందు సింకు గొట్టం ఊడింది. దాన్ని అందుకున్న బావమరిది చేతి జిడ్డు కడుక్కుందామని కుళాయి తిప్పాడు. నీళ్ళు నేరుగా నేలమీదికి వచ్చాయి. "కట్టెయ్ రా!" అని కేక వేస్తూనే ఇన్‌స్పెక్టరుగారు రెండో చేత్తో జాకీ లాగారు. అల్మరా ఒక పక్కకు ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించి, గిన్నెలన్నీ వంటింట్లో కక్కేసింది. పట్టుకోబోయి బావమరిది నీళ్ళలో జారి, కొత్త విద్యార్థుల కోసం భార్య కొని పెట్టిన గుడ్డల మూట మీద వెల్లకిలా పడ్డాడు. మూట తడిసింది. జిడ్డు కూడా అంటింది.

భార్య అరవలేదు. ఆవిడ అరుపులు ఆయనకు అలవాటే. అరవకపోయేసరికి భయం వేసింది. ఆ భయంతో స్నానాలగది వైపు పారిపోయి, ఆ ఊపులోనే తలుపు మడతబందులు విప్పేశారు.

"ఒరేయ్, తలుపెక్కడికి పోతోందిరా?" లోపల స్నానం చేస్తున్న తల్లి కేక.

"నాలుగింటికి బేరం ఉందమ్మా!"

"బేరం కారుకా, నాకా?"

కోడలు పరుగున దుప్పటి తెచ్చి అడ్డం పట్టింది. పెద్దావిడ సబ్బు నురగలోంచే కొడుకుని పుట్టినప్పటినుంచీ వరసపెట్టి తిట్టింది.

మూడున్నరకు పద్దెనిమిది ఒక బుట్టలో పడ్డాయి, పంతొమ్మిదోదైన సీటు బుట్ట పక్కన చేరింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి జాబితా సరిపోయింది. అది చూసేసరికి ఇన్‌స్పెక్టరుగారి మనసు కరిగింది. బండి తోలుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాలని ఎంత ఆశపడ్డారు!

"ఇప్పుడు అన్నీ ఉన్నాయే. ఒక్క మూడు నెలలు గట్టిగా కూర్చుంటే..."

"ఆ మాట పూర్తి చేయకండి," అంది భార్య. ఆవిడ చేతిలో తడిగుడ్డల మూట నీళ్ళు కారుతోంది.

గుమ్మం దగ్గర పాతకార్ల పిచ్చాయన అప్పటికే చాలాసేపటినుంచి మీట నొక్కుతున్నాడు. హారను బుట్టలో ఉంది. చివరికి తనే లోపలికి వచ్చి, నీళ్ళు దాటి, దుప్పటి వెనక తిట్లు విని తల తిప్పుకుని, షెడ్డుకు చేరాడు. డబ్బాలు చూసి మెచ్చుకున్నాడు. బుట్ట చూసి మొహం చిట్లించాడు.

"ఇవి వద్దండీ. అరిగిపోయాయి. ఇవన్నీ నా దగ్గర రెండేసి ఉన్నాయి. బాడీ, ఇంజను, ఆ డబ్బాలు చాలు."

"అన్నీ ఉన్నాయా అని ఫోన్లో అడిగారు కదయ్యా!"

"మాటవరసకి అడిగానండీ."

ఇన్‌స్పెక్టరుగారి మొహం కందగడ్డ అయింది. అరవడానికి నోరు తెరిచారు. ఎవరిమీద అరవాలో తోచలేదు. ఊరంతా ఆయన తూచినా, ఇంటిని ఇలా గుల్ల చేసినవాడు ఆయనొక్కడేనని తేలింది.

"ఎన్నాళ్ళలో పూర్తి చేస్తారు?" అని మాత్రం అడిగారు.

"నాలుగు నెలలు, మహా అయితే."

భార్యాభర్తలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దుటినుంచి మొదటిసారి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పాపం, ఆ పిచ్చాయనకు అదెందుకో తెలియలేదు. ఇన్‌స్పెక్టరుగారు కాగితం మీద సంతకం పెట్టి, కారును లారీ ఎక్కించడానికి తనే భుజం ఆనించి తోశారు. లారీ మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డారు.

వెనక్కి తిరిగేసరికి భార్య టేపు పట్టుకుని షెడ్డు నేల కొలుస్తోంది. ఎనిమిది మిషన్లకు ఎనిమిది సుద్దగీతలు గీసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇంటివైపు చూసింది.

"మరి ఇంటి సంగతేంటి? పూర్తి చేస్తారా, అమ్మేస్తారా?"

ఇన్‌స్పెక్టరుగారు బుట్ట ఎత్తుకెళ్ళి, ముందుగా తల్లి స్నానాలగది తలుపు బిగించారు. చీటీలు మాత్రం విప్పలేదు.