ఒక సైజు ఎక్కువ

ఆ ఉదయం వడ్రంగి మేస్త్రీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి పికప్ ట్రక్కుకు కొత్త చక్రాలు వేయించాలి. పదింటికి ఆరు పుస్తకాల అల్మారాలు ఎక్కించాలి. పదకొండింటికి వాటిని లైబ్రరీలో దింపాలి. ఆ ఆరూ లైబ్రేరియన్ మేడమ్‌కు నచ్చితే ఇంకో నలభై అల్మారాల ఆర్డరు అతనిదే, ఏడాది పాటు వర్క్‌షాపులో పనికి లోటుండదు. నచ్చకపోతే చేతిలో ఇంకే పనీ లేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఐదింటికే లేచి, కాఫీ గ్లాసు పట్టుకుని, ట్రక్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

ఇంత ముఖ్యమైన రోజున చక్రాలు మార్చడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అతని భార్యకూ అనిపించింది, నాలుగుసార్లు అడిగింది కూడా. కారణం మేడమ్ అన్న ఒక మాట. మూడు వారాల కిందట కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ కిటికీలోంచి ట్రక్కును చూసి, "ఇందులోనే తెస్తారా?" అంది. మామూలుగానే అంది. మేస్త్రీకి మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పటినుంచి ఇంట్లో చక్రాలు తప్ప వేరే మాట లేదు. నల్ల రిమ్ములా, వెండి రంగు రిమ్ములా? ఐదు ఆకులవా, ఆరు ఆకులవా? ఫోనులో బొమ్మలు చూస్తే నమ్మకం కుదరక, ప్లైవుడ్డుతో అసలు సైజులోనే చక్రాలు కోసి, రంగులు వేసి, ట్రక్కు పక్కన నిలబెట్టి, రోడ్డు అవతలికి వెళ్ళి చూసుకునేవాడు. ఒకరోజు కుడివైపు నల్లవి, ఎడమవైపు వెండివి పెట్టి, ఎటునుంచి వచ్చే వాళ్ళు ఏమంటారో అని సాయంత్రం దాకా కాపు కాశాడు. ఎవరూ ఏమీ అనలేదు. చివరికి నల్లవి ఖాయం చేసి, మర్నాడు మానేసి, మళ్ళీ ఖాయం చేశాడు.

రంగు తేలాక సైజు వచ్చింది. పాతవి పదిహేను ఇంచీలు. పదహారైతే బండికి నప్పుతుందని అతనికి తెలుసు. కానీ ముప్ఫై ఏళ్ళుగా చెక్క కోస్తున్న చెయ్యి అది. చెక్కను ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే కోసుకోవాలి, ఎక్కువైతే చిత్రిక పట్టి తగ్గించుకోవచ్చు. అందుకని, "మీ బావకి ఫోన్ చేసి పదిహేడు అని చెప్పు" అని భార్యతో అన్నాడు. బావ అంటే ఆవిడ అక్క భర్త, అంటే మేస్త్రీకి తోడల్లుడు. టైర్ల షాపు ఆయనదే.

ఏ వస్తువు కొన్నా ఆ సాయంత్రమే 'ఇంకాస్త పెద్దది తీసుకోవాల్సింది' అని మొగుడు నసుగుతాడని భార్యకు తెలుసు. ఆ నస వినే ఓపిక లేక ఆవిడ బావకు పద్దెనిమిది అని చెప్పింది. మరదలు ఏ విషయంలోనైనా చెయ్యి బిగించి మాట్లాడుతుందని బావ నమ్మకం. మన మనిషికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా అని ఆయన పంతొమ్మిది అనుకున్నాడు. పంతొమ్మిది షాపులో లేవు. ఇరవై ఉన్నాయి.

ఎనిమిదింటికి షాపు ముందు వరసగా నిలబెట్టిన నాలుగు చక్రాలను చూసి మేస్త్రీ అటూ ఇటూ చూశాడు.

"అన్నయ్యా, ఈ ట్రాక్టరు ఎవరిది?"

"ట్రాక్టరేంటి తమ్ముడూ, నీవే ఇవి! మనవాడివని లోపలినుంచి తీయించాను."

"కొంచెం పెద్దగా లేవూ?"

"నువ్వు అడిగినవేగా!"

మేస్త్రీ భార్య వైపు చూశాడు. భార్య బావ వైపు చూసింది. బావ చక్రాల వైపు గర్వంగా చూశాడు. ముగ్గురిలో ఎవరికీ తాము పెంచిన ఒక్క సైజు తప్పనిపించలేదు.

బిగించాక టైర్లు మడ్‌గార్డుకు రాసుకుపోయాయి. "ఎంత చిత్రిక పడితే సరిపోతుందంటావ్?" అని మేస్త్రీ అలవాటు కొద్దీ వేలితో అంచు తడిమి అడిగాడు.

"ఇది ఇనుము తమ్ముడూ. చిత్రిక పట్టరు, బండినే పైకి లేపుతారు. రెండించీలు."

"వద్దులే అన్నయ్యా, పాతవే వేసెయ్యి. టైమవుతోంది."

"పాతవా? ఇందాకే నీళ్ళ ట్యాంకరు అతను బేరమాడి పట్టుకుపోయాడే!"

ఇక చేసేదేముంది, బండిని రెండించీలు లేపారు. అప్పటికి తొమ్మిదీ యాభై. ట్రక్కు ఒళ్ళు విరుచుకుని లేచినట్టు నిలబడింది. నడుము దాకా ఉండే తొట్టి ఇప్పుడు ఛాతీ దాకా వచ్చింది. టేకు అల్మారాలు ఒక్కొక్కటీ ఇద్దరు మనుషుల బరువు. ఇంటి పక్క వర్క్‌షాపుకు వచ్చి వాటిని అంత ఎత్తుకు ఎక్కించేసరికి మేస్త్రీకి కళ్ళు బైర్లు కమ్మాయి, సాయానికి వచ్చిన బావ తొట్టికి చేరగిలబడి రొప్పాడు. భార్య వంటింటి స్టూలు వేసుకుని ముందు సీట్లోకి ఎక్కి, ఆ స్టూలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"దిగాలి కదండీ మరి" అంది.

దారంతా మేస్త్రీ గడియారం వైపూ స్పీడు ముల్లు వైపూ మార్చి మార్చి చూశాడు. ముల్లు నలభై దాటలేదు, చెట్లు మాత్రం అరవైలో వెనక్కి పోతున్నాయి. చక్రం పెద్దదైతే ముల్లు తక్కువ చూపిస్తుందని బావ తీరిగ్గా లైబ్రరీ వీధిలో చెప్పాడు. ఏమైతేనేం, పదకొండుకు ఐదు నిమిషాలుండగానే చేరారు.

లైబ్రరీ ఆవరణలోకి దారి భవనం కిందినుంచే. ఆ దారికి అడ్డంగా పైన ఇనుప దూలం ఉంది. ట్రక్కు తొట్టి మీద సామాను కట్టుకోవడానికి వెల్డింగ్ చేయించిన ఎత్తైన చట్రం ఉంది. వాచ్‌మన్ మెడ పైకెత్తి, "రండి, రండి, మెల్లగా... వచ్చేసింది!" అన్నాడు. చట్రానికీ దూలానికీ మధ్య ఒక వేలు సందు మిగిలింది.

అల్మారాలు దించి వరండాలో నిలబెట్టారు. మేడమ్ వచ్చింది. తలుపులు తెరిచింది, మూసింది, అరలు తట్టింది, కీళ్ళ మీద గోరుతో గీసింది. ట్రక్కు వైపు కన్నెత్తి చూడలేదు.

"బాగానే ఉన్నాయండీ. కాకపోతే ఇంకో ఇద్దరి దగ్గర కూడా నమూనాలు చూడాలి. ఓ నెల రోజుల్లో కబురు చేస్తాం" అని పైకి వెళ్ళిపోయింది.

మేస్త్రీకి ప్రాణం ఉసూరుమంది. ఈ నెల్లాళ్ళూ వర్క్‌షాపులో కూర్చుని ఏం చెయ్యాలి? రంపాలకు నూనె రాసుకోవాలి, మళ్ళీ తుడుచుకోవాలి. ట్రక్కెక్కి వెనక్కి తిప్పి గేటు వైపు పోనిచ్చాడు. ఠంగుమని మోగింది. చదువుకునే గదిలోంచి ఎవరో "ష్!" అన్నారు.

బరువు దిగిపోవడంతో ట్రక్కు పైకి లేచింది. చట్రం ఇప్పుడు దూలం కంటే నాలుగు వేళ్ళు ఎత్తులో ఉంది.

"టైర్లలో గాలి తీద్దాం" అంది భార్య.

"కొత్త టైర్లు మరదలా!" అని బావ అడ్డం పడ్డాడు. అయినా తీశారు. రెండు వేళ్ళు దిగింది. ఇంకా తీస్తే రిమ్ములు నేలకు తగిలి సొట్టలు పోతాయని బావ టైరును కావలించుకున్నాడు. చట్రం కోయించాలంటే వెల్డింగ్ అతను రేపు గానీ దొరకడు. చదువుకునే వాళ్ళని బతిమాలి తొట్టిలో ఎక్కించుకుందామని బావ అన్నాడు గానీ, వాచ్‌మన్ మూతి మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

మేస్త్రీ వరండాలో పచార్లు చేసి, చటుక్కున ఆగాడు. "బరువుతో వచ్చింది, బరువుతోనే పోతుంది. అల్మారాలు ఎక్కించండి! బయటికి పోయాక దించి, మోసుకొచ్చి పెట్టేద్దాం."

మళ్ళీ ఎత్తుడు మొదలైంది. ఒకటి, రెండు, మూడు. మేస్త్రీ మొహం ఎర్రగా కందిపోయింది, చెమటలు ధారకట్టాయి, పళ్ళు బిగుసుకున్నాయి. నాలుగోది ఎక్కుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. మేడమ్ పరుగున వస్తోంది.

"ఏంటండీ ఇది! తీసుకెళ్ళిపోతున్నారా?"

మేస్త్రీకి ఆయాసంతో మాట రాలేదు. ఆవిడకు ఆ మౌనంలో కోపం కనబడింది.

"నెల అన్నానని ఇంత పట్టింపా? నేనూ నిజమే చెప్తాను, ఇంత మంచి పని ఈమధ్య చూడలేదు. ఎవరికిస్తున్నారు వీటిని?"

"అదికాదు మేడమ్, బండి..." అని మొదలుపెట్టాడు మేస్త్రీ. భార్య అతని కాలు తొక్కింది. ఒళ్ళో స్టూలు పెట్టుకుని వచ్చిన మనిషి, స్టూలు పక్కన పెట్టి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఆయనకి ఒకచోట నిలవడం చేతకాదండీ. నెల అంటే ఎలా ఆగుతారు?"

మేడమ్ పైకి వెళ్ళి ఆర్డరు కాగితంతో దిగింది. నలభై అల్మారాలకూ అక్కడే, ట్రక్కు బానెట్ మీద పెట్టి సంతకం చేసింది. బానెట్ ఎత్తుగా ఉండడంతో ఆవిడకు స్టూలు వెయ్యాల్సి వచ్చింది. మూడు వారాల తర్వాత మేస్త్రీ కాళ్ళు మొదటిసారి ఒకచోట నిలిచాయి.

"ఇక దించండి" అంది మేడమ్.

"ఇప్పుడేనా?"

"నా కళ్ళముందే. మీ కోపం మీద నాకు నమ్మకం లేదు."

నాలుగూ దించారు. ఒక్కొక్కటి దిగుతుంటే ట్రక్కు ఒక్కొక్క వేలు లేచింది. మేడమ్ ఆరింటినీ తన చేత్తో లెక్కపెట్టుకుని, లోపల సర్దించి, తలుపులకు తాళాలు వేయించి, తాళం చెవులు తన సంచిలో వేసుకుంది.

ఆ రోజు లైబ్రరీకి చేరిన సామాను రాసే పుస్తకంలో వాచ్‌మన్ రెండే వరసలు రాశాడు: అల్మారాలు ఆరు, ట్రక్కు ఒకటి.