సముద్రంలో మా వాటా

ఆ సోమవారం పొద్దున పద్మజ టీచరు పెట్టుకున్న పని ఒక్కటే: బడి గంట కొట్టేలోపల ఒక సముద్రాన్ని గీయడం.

నాగర్‌కర్నూల్‌లో జరగబోయే బడిపిల్లల ప్రదర్శనకు ఆమె ఒక నమూనా తయారు చేయిస్తోంది. సముద్రం ఒక్కటే, దాని మీద ఆశపడేవాళ్ళు చాలామంది. చేపలు పట్టేవాళ్ళకు కావాలి, ఓడలవాళ్ళకు కావాలి, అడుగున నూనె తవ్వేవాళ్ళకు కావాలి, ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళకూ కావాలి. ఎవరికి వాళ్ళు దిగిపోతే కొట్లాటే. అందుకే ముందుగా కూర్చుని ఎవరు ఎక్కడ, ఎంతమేర అన్నది తేల్చుకోవాలి. పదో తరగతి పిల్లలకు ఈ సంగతి బాగా నచ్చింది, ముఖ్యంగా కొట్లాట.

మొదట థర్మోకోల్‌తో చేశారు. తలుపులకు వేయగా మిగిలిన నీలం పెయింటు దానికి పూశారు. తెల్లారేసరికి పెయింటు థర్మోకోల్‌ను తినేసింది. సముద్రం ఉండాల్సిన చోట బల్ల కనబడింది. మళ్ళీ చేసేలోపు పిల్లలకు ఎవరి హద్దులు వాళ్ళకు తెలియాలని, బడి వెనక బీడులో సున్నంతో పెద్దగా గీసి, వాళ్ళనే అందులో నిలబెట్టాలనుకుంది పద్మజ.

ఇది 2005 నాటి మాట. బల్మూర్‌కూ లింగాలకూ నడుమ ఉన్న గుట్టకిందిపల్లెలో కొన్నేళ్ళుగా వాన సరిగ్గా లేదు. కాలువల సర్వేలంటూ చుట్టుపక్కల జీపులు తిరుగుతుండేవి. బండ మీద ఎర్రగీత కనబడినా జనం ఆగి చూసే కాలం. బర్రెలు తోలుకుపోతున్న ఈరన్న తెల్లగీత చూసి ఆగాడు.

"ఏం గీస్తున్నవ్ మేడం?"

"సముద్రం, ఈరన్నా."

"యాడిదాంక వస్తది?"

"అగో, ఆ తుమ్మచెట్టు దాంక. దానవతల ఒడ్డు."

ఈరన్న బర్రెలను అక్కడే మరిచిపోయి ఊళ్ళోకి ఉరికాడు.

ఆయన తప్పేమీ లేదు. పద్మజది వనపర్తి. అక్కడ పాతకాలపు పెద్ద చెరువుల పేర్ల చివర సముద్రమనే ఉంటుంది. ఆ సీమలో సముద్రం వస్తుందంటే అలలూ ఉప్పునీళ్ళూ ఎవరికీ గుర్తు రావు. కట్టా తూమూ వరిమడీ గుర్తొస్తాయి. వనపర్తి నుంచి వచ్చిన టీచరే సున్నం పోసి సముద్రం గీస్తోందంటే ఇక అనుమానించడానికేముంది?

సాబిర్ హోటల్లో మొదటి చాయ్ మరిగేలోపల చెరువు కట్ట లేచింది. రెండో చాయ్‌కి తూములు పెట్టారు. మూడో చాయ్ దగ్గర నీళ్ళు ఎవరివన్న గొడవ మొదలైంది. ఈరన్నకు పల్లికాయ చేనికి కాలువ కావాలి. ఇటుకలు కాల్చే అబ్రహాంకు ఒండ్రుమట్టి కావాలి. సాబిర్‌కు చేపలు కావాలి.

సాయంత్రం బడి వదిలాక సాబిర్ ఒక పొట్లం మిరపకాయ బజ్జీలతో పద్మజ ఇంటికొచ్చాడు.

"మేడం, చేపలోల్ల సంగతి ఏం జేసిన్రు?"

పిల్లల నమూనా మీద ఊళ్ళోవాళ్ళకు ఇంత శ్రద్ధ ఉందని పద్మజ పొంగిపోయింది. పళ్ళెంలో బజ్జీలు పేర్చి మరీ చూపించింది.

"చేపలోల్లకు గీ ఒడ్డుపొంటి ఇచ్చిన, సాబిర్ భాయ్. నడుమల ఓడలు పోతయి గద, వలలు తెగొద్దు."

"ఓడలు గూడ వస్తయా?"

"రాకుంటెట్ల? వాటికి తొవ్వ ఇడిసిపెట్టాలె. గీ మూలకేమో నూనె తవ్వుతరు."

సాబిర్ గోడ పట్టుకున్నాడు. "నూనెనా? మన బీట్లనా?"

"ఆఁ. గందుకే ముందే పంచుకోవాలె అంటున్న."

సాబిర్ తాను తెచ్చిన బజ్జీల్లో ఒక్కటీ తినలేదు. ఇంటికి పోయి భార్య కుల్సుమ్‌బీకి చెప్పాడు. ఆమె అంతా విని, "తుమ్మచెట్టు కాడ రేణుకమ్మ చేను ఉన్నది గద, ఆమె ఏం గావాలె?" అంది. "నడుమల ఆమె ముచ్చటెందుకు?" అని సాబిర్ కసిరాడు.

మర్నాడు పొద్దున చూస్తే సున్నం గీతలు నడిచాయి. చేపలవాళ్ళ భాగం ఉబ్బి ఇటు ఓడల దారిలోకి, అటు రేణుకమ్మ చేనులోకి వచ్చింది. అబ్రహాం నూనె మూలకు రాళ్ళు పాతాడు. ఈరన్న కాలువ బడి వరండా మీదుగా పోయి హెడ్‌మాస్టరు గది గడపదాకా వచ్చింది. హెడ్‌మాస్టరు సామ్యూల్ ఎవరి జోలికీ పోని మనిషి. గీతను దాటకుండా వరండా కిందనే నిలబడి పద్మజను పిలిచాడు.

"మేడం, సముద్రం నా రూములకొచ్చింది."

"పిల్లలు గీసి ఉంటరు సార్."

"పిల్లలు రాళ్ళు పాతరు గద మేడం!"

సంగతేమిటో చూద్దామని పద్మజ బీడులోకి నడిచింది. తుమ్మచెట్టు దగ్గర రేణుకమ్మ గుడిసె ముందు ఎడ్లబండి ఆగి ఉంది. బండిలో విసుర్రాయి, రెండు బిందెలు, వాటి మీద గుడిసె తలుపు ఉన్నాయి. ద్వారబంధం నోరు తెరుచుకుని ఉంది.

"యాడికి పోతున్నవ్ అవ్వా?"

"నీల్లు రాకముందే పోవాలె బిడ్డా," అంది రేణుకమ్మ తాడు బిగిస్తూ. "మా అవ్వగారిది కృష్ణ ఒడ్డున ఊరు. డ్యాం కట్టినప్పుడు నీల్లు రావంటె నమ్మి ఆఖరుదాంక ఉన్నం. తలుపులు గూడ నీల్లల్లనే పోయినయ్. గీసారి తలుపన్న తీస్కపోత."

పద్మజకు నిన్నటి నుంచి తాను చెప్పిన మాటలు ఊరు ఎలా విన్నదో ఒక్కసారిగా అర్థమైంది. రేణుకమ్మ చేయి పట్టుకుంది.

"సముద్రం లేదవ్వా. పిల్లల ఆట అది. నేను ఉత్తగ గీసిన."

రేణుకమ్మ ఆమె ముఖంలోకి జాలిగా చూసింది. "అప్పుడు గూడ మాకు గట్లనే చెప్పిన్రు బిడ్డా."

అంతలో జీపు వచ్చింది. అనుమతి లేకుండా ఎవరో ప్రాజెక్టు కడుతున్నారని కబురు అందడంతో మండలం నుంచి ఒక అధికారి దిగాడు. వెనకే ఊరంతా దిగింది. సామ్యూల్ సారు వేలు పద్మజ వైపు చూపించి వరండా స్తంభం చాటుకు తప్పుకున్నాడు.

"ఎవల్ని అడిగి కడుతున్రు మేడం?" అన్నాడు అధికారి.

"కడుతలేను సార్. పంచుతున్న."

ఆ మాటతో జనం భగ్గుమన్నారు. "నాకు ఒడ్డుపొంటి ఇస్తనన్నది!" అని సాబిర్, "మట్టి సంగతి తేల్చుండ్రి!" అని అబ్రహాం, "కాలువ లేకుంటె ఒప్పుకోం!" అని ఈరన్న. ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. పద్మజ నమూనా గురించి మూడుసార్లు చెప్పబోయి మూడుసార్లూ మునిగిపోయింది. చివరికి తరగతి గదిలో వాడే గొంతు తీసింది.

"ఎవల జాగల్ల వాల్లు నిలవడుండ్రి! నోరు మూసుకోండ్రి!"

నెరిసిన మీసాలవాళ్ళు సైతం గప్‌చుప్‌గా పోయి సున్నం గడుల్లో నిలబడ్డారు. అధికారి కూడా అలవాటు కొద్దీ సర్దుకుని నిలబడ్డాడు. ఓడల దారిలో మాత్రం ఈరన్న బర్రె ఒకటి పడుకుని ఉంది. పద్మజ రేణుకమ్మను తీసుకొచ్చి తుమ్మచెట్టు పక్కన నిలబెట్టింది.

"మీరందరు గీ బీట్లకు ఇయ్యాల వచ్చినోల్లు. ఈమె మొదటి సంది గీన్నే ఉన్నది. పంచుకునేటప్పుడు ఈమెను అడిగినోల్లు ఎవలు?"

సాబిర్ మెడ గోక్కున్నాడు. "మా ఇంట్ల అడిగింది మేడం. నేనే ఇనలే." ఆ మాట అని ఊరుకోకుండా రెండడుగులు వెనక్కి జరిగాడు. అతను జరిగితే అబ్రహాం రాయి పీకాల్సి వచ్చింది. అబ్రహాం రాయి పీకితే ఈరన్న కాలువను వంపు తిప్పుకున్నాడు. బర్రెను లేపారు. తగ్గి చూస్తే అందరికీ చోటుంది, రేణుకమ్మ చేను మీద గీత లేదు. తరగతిలో పిల్లలతో వారం రోజులుగా కుదరని పంపకం పెద్దవాళ్ళతో అక్కడికక్కడ కుదిరేసరికి పద్మజకు నవ్వొచ్చింది.

ఆమె నమూనా సంగతి చెప్పేసరికి అధికారికి మాత్రం కోపమొచ్చింది. "దిమాక్ ఉన్నదా మీకు? వాగు లేదు, వంక లేదు. గీ మిట్టబీట్ల నీల్లు ఎట్ల నిలుస్తయి? ఏ ప్రాజెక్టు లేదు. పిల్లల బొమ్మ అది!"

"మరి నూనె?" అన్నాడు సాబిర్.

"లేదు."

"ఓడలు?"

"లెవ్వయ్యా!"

"చేపలన్న...?"

అధికారి నుదురు కొట్టుకున్నాడు. ఇంత కష్టపడి పంచుకున్న సముద్రం అలా ఇంకిపోయేసరికి ఊరు ఊరంతా దిగాలుగా నిలబడింది. మొదట నవ్వింది రేణుకమ్మే. నవ్వుతూనే బండి వైపు చూపించింది.

"నీల్లు రాకపోతె మంచిదే. గని నా తలుపు ఎవలు బిగిస్తరు?"

సముద్రంలో వాటా అడిగినవాళ్ళందరూ తలో చెయ్యి వేసి తలుపు మోశారు. అబ్రహాం మట్టి తెచ్చి మెత్తాడు. మేకులు కొట్టేటప్పుడు ఎవరి సలహా వాళ్ళు ఇవ్వడంతో తలుపు తలకిందులుగా కూర్చుంది. అయినా మూసుకుంటోంది కాబట్టి రేణుకమ్మ ఇక ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

జనం చెదిరాక అధికారి పద్మజను జీపు వెనక్కి పిలిచాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"జనం ముందట నేను గట్లనే చెప్పాలె. నాకైతె చెప్పున్రి మేడం. బయటికి చెప్పొద్దని పైనుంచి అన్నరా?"

"లేదు సార్! నిజంగనే బొమ్మ."

"సరే సరే. ఓడలు పోయే తొవ్వ పక్కపొంటి జాగ ఎవలకు ఇచ్చిన్రు?"

"ఎవలకూ లేదు సార్."

"మా బామ్మర్ది ఒకడు ఖాళీగ ఉన్నడు. జర యాదికుంచుకోండ్రి," అని జీపెక్కాడు.

ఈ మాట పద్మజ నవ్వుతూ చెబితే సామ్యూల్ సారు నవ్వలేదు. అధికారి నోటిమాట కూడా ఉత్తర్వేనని పట్టుబట్టాడు.

నాగర్‌కర్నూల్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు నమూనా ముందు చాలాసేపు ఆగి, ఓడల దారి పక్కన 'బామ్మర్ది' అని రాసివున్న గడి ఏ పరిశ్రమ కిందికి వస్తుందని అడిగారు.